చెయ్యి చీటీ

“ఇది ఎవరి పేగో చెప్పగలరా సిస్టర్?”

ఫోను ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను. మీనాకుమారి దాని వంక చూడలేదు. నవధాత్రి హాస్పిటల్లో ఆపరేషన్ థియేటర్లకి ఇన్‌చార్జి ఆవిడ. రోజూ పేగులు చూసే మనిషి ఒక్క ఫొటో చూడడానికి కళ్ళజోడు కోసం సొరుగులు తీస్తోంది. కళ్ళజోడు ఆవిడ మెడలోనే వేలాడుతోంది.

“మీరు రెండింటికి కదండీ రావాల్సింది? మా ఆసుపత్రి కేసులు చూసే జోగేశ్వరరావు గారు అలాగే చెప్పారు.”

“ఆయన ఎదురుగా ఉంటే మీరు నోరు విప్పరని ముందొచ్చాను.”

“ఆయన లేకుండా నేను మాట్లాడకూడదండి.”

“మాట్లాడకండి. చూడండి చాలు.”

చూసింది. స్టీలు ట్రేలో, ఆకుపచ్చ గుడ్డ మీద, ఎర్రగా తడిగా ఒక పేగు ముక్క. ఆపరేషన్ అయ్యాక తీసేసిన ముక్కని ట్రేలో పెట్టి, బయట కూర్చున్నవాళ్ళకి చూపించడం మన ఆసుపత్రుల్లో మామూలే. చూపించకపోతే కోసినట్టే నమ్మరు జనం. ఆ రోజు పేషెంటు భార్య సూరమ్మ చూడలేక మొహం పక్కకి తిప్పుకుంది. కూతురు ఆశాజ్యోతి మాత్రం, తర్వాత అమ్మ అడుగుతుందేమోనని ఫోనులో తీసి పెట్టుకుంది.

“ధవళేశ్వరం పేషెంటండి” అంది మీనాకుమారి. “సూర్యనారాయణ గారు.”

“మీకు సూర్యనారాయణ. నాకు యెహెజ్కేలు.”

మా వైపు చాలామందికి రెండు పేర్లు. బడిలో వేసినప్పుడు రాయించినది ఒకటి, బాప్తిస్మం నాడు పెట్టుకున్నది ఒకటి. కాయితాలకి మొదటిది, మనుషులకి రెండోది. వాడూ నేనూ ధవళేశ్వరం కాలవలో కలిసి ఈత నేర్చుకున్నాం. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు, నాతోపాటు ఆ రోజంతా లాకుల మీద కూర్చున్నది వాడొక్కడే. తర్వాత వాడు ఆనకట్ట మీద తలుపులెత్తే ఉద్యోగంలో చేరాడు. నేను తిరగని వీధి లేకుండా తిరిగి, చివరికి రాజమండ్రిలో డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నాను. అది చూసి నవ్వనివాడు కూడా వాడొక్కడే.

పెద్దపేగులో క్యాన్సరన్నారు. డాక్టరు పృథ్వీ కోశాడు. వారం తిరక్కుండానే కలిపిన చోట విడిపోయింది. విషం ఒళ్ళంతా పాకి వాడు పోయాడు. “వయసు, షుగరు, విధి” అని మూడు మాటల్లో తేల్చేసి డాక్టరు కారెక్కాడు.

న్యాయం కావాలని నేను ఇక్కడికి రాలేదు. న్యాయం చదువుకున్నవాళ్ళు వాడుకునే మాట. నాకు కావాల్సింది ఆ డాక్టరు కారు కింద ఉన్న నేల కదలడం. అంతే.

ఆశాజ్యోతికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఆ పిల్ల పొద్దుటినుంచి ఆర్డీఓ ఆఫీసు వరండాలో కూర్చుని ఉంది. సమాధి తవ్వి శవాన్ని పరీక్ష చేయించమని అర్జీ పెట్టింది. ఆర్డీఓ చెడ్డవాడు కాదు, భయస్థుడు. “ఫోనులో ఫొటో చూపిస్తే సమాధి తవ్వించలేనమ్మా. ఆసుపత్రి లోపలి మనిషి ఎవరైనా ఒక్క మాట చెప్పాలి. ఈ సాయంత్రం లోపు చెప్పిస్తే సంతకం పెడతాను. లేకపోతే ఫైలు మూసేస్తాను” అన్నాడు.

అందుకని నాకు కావాల్సిన లోపలి మనిషి ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని పైట అంచు మెలిపెడుతోంది.

ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేశాను. “ఈ అంచు చూడండి. పిన్నులు. పేగుని ఇప్పుడు సూదీ దారంతో కుట్టరంట కదా, స్టేప్లరుతో కొడతారంట. పిన్నుల వరసలు రెండు పక్కలా పడతాయి, మధ్యలో కత్తి కోసుకుంటూ పోతుంది. ఒక పక్క వరసలు తీసేసిన ముక్కకి వస్తాయి. రెండో పక్కవి మనిషి లోపల ఉండిపోతాయి. నేను చెప్పింది తప్పా?”

“కాదండి.”

“అంటే ఈ ముక్కకి ఎలా పడ్డాయో, యెహెజ్కేలు కడుపులోనూ అలాగే పడి ఉంటాయి.”

ఆవిడ ఫోనుని నా వైపు జరిపింది.

“కాకినాడలో నాకు తెలిసిన సర్జను ఒకాయన ఉన్నాడు. సరిగ్గా పడ్డ పిన్ను రెండు కాళ్ళూ మడుచుకుని కూర్చుంటుందన్నాడు. ఇందులో సగం నిలబడే ఉన్నాయి. ఒక వరస మీదకి ఇంకో వరస ఎక్కేసింది. పెళ్ళిలో తొందరపడి కుట్టిన విస్తరి కూడా ఇంతకన్నా నయంగా ఉంటుంది. సరైన స్టేప్లరుతో ఇలా పడతాయాండీ?”

“డాక్టరు గారు చేసేదాని గురించి నేనెలా చెప్తానండి?”

“చేసేది ఆయన. అందించేది మీరు.”

“చీటీలో ఏది వస్తే అది అందిస్తామండి!” గొంతు పెరిగింది. “రోబో అని వస్తే రోబో స్టేప్లరు, చెయ్యి అని వస్తే చేతి స్టేప్లరు. డాక్టరు గారు పోలిక చేస్తున్నారు. ఏది మంచిదో తేల్చడానికి. పేషెంట్లు ఒప్పుకునే సంతకం పెట్టారు. ఆపరేషన్ రోజు పొద్దున్నే దేవుడి పటం ముందు కవరు విప్పుతాం. అందులో నా చేతిలో ఏమీ లేదు.”

“యెహెజ్కేలుకి ఏం వచ్చింది?”

“చెయ్యి.”

“రోబో వచ్చినవాళ్ళకి కూడా పిన్నులు ఇలా నిలబడ్డాయా?”

“దానికి ఇలా పడవండి.” ఇక్కడ ఆవిడకి ధైర్యం వచ్చింది, తెలిసిన పాఠం అడిగినట్టు. “కండ మందంగా ఉంటే అదే ఆగుతుంది. బిగించి, మళ్ళీ చూసుకుని అప్పుడు కొడుతుంది. చేతి స్టేప్లరంటే డాక్టరు పట్టుని బట్టి ఉంటుంది. పైగా రోబోకి పాతవి పెట్టడం కుదరదండి. ఎన్నిసార్లు వాడామో మెషీనే లెక్క పెట్టుకుంటుంది. దాని ఆయుష్షు అయిపోతే ఇంక పట్టుకోదు.”

అని ఆగిపోయింది. నోట్లోంచి జారిపోయిన మాట నేల మీద ఎక్కడ పడిందా అని చూస్తున్నట్టు తల దించుకుంది.

నేను తొందరపడలేదు. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు చేసీ చేసీ నేర్చుకున్నది ఇదొక్కటే. జారిన మాట తర్వాత మనం నోరు మూసుకోవాలి.

“రోబోకి కుదరదు” అన్నాను కాసేపటికి. “మరి దేనికి కుదురుతుంది సిస్టర్?”

“నేనేం అనలేదండి.”

“ఫోను వింది.”

ఫొటో వెనకాల రికార్డింగు తిరుగుతూనే ఉంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో రోజైతే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాణ్ణి.

“ఏడవకండి. ధవళేశ్వరంలో సూరమ్మ ఏడుపు ఒకటి ఉంది, దాని ముందు మీది నిలబడదు. లేవండి. పాతవి ఎక్కడ పెడతారో చూపించండి.”

*

థియేటర్ల వెనక సామాను కడిగే గది. రెండు పెద్ద తొట్లు, పొడవాటి బల్ల, గోడకి ఆవిరి యంత్రం. పక్కన గాజు తలుపుల బీరువా. అందులో కాయితం సంచుల్లో సీలు వేసిన సామాను వరసగా ఉంది.

మీనాకుమారి ఒక సంచి తీసి చింపింది. లోపల చేతి స్టేప్లరు. పిస్తోలులాంటి పిడి, పొడుగాటి కడ్డీ, చివర మొసలి మూతిలాంటి దవడలు. పిడి అడుగున ఎర్రటి చుక్కలు వరసగా.

“ఇవేంటి?”

“నెయిల్ పాలిషండి. ఒక మనిషికి వాడాక పిడితో సహా పారేయాలి. మేము కడిగి, క్రిములు చావడానికి గ్యాసులో పెట్టి, పిన్నులు మాత్రం కొత్తవి వేసి మళ్ళీ ఇస్తాం. కడిగినప్పుడల్లా ఒక చుక్క. లేకపోతే ఏది ఎంత పాతదో మాకే తెలియదండి.”

“నెయిల్ పాలిషు ఎవరిది?”

“నాదేనండి” అంది. ఆవిడ గోళ్ళకి రంగు లేదు.

చుక్కలు నేను లెక్కపెట్టలేదు. ఒక్కటి ఉన్నా ఎక్కువే. బల్ల మీదున్న పల్చటి కాయితం తీసి, దవడల మధ్య పెట్టి పిడి నొక్కాను. కాయితం లాగాను. మొదట్లో గట్టిగా పట్టింది. చివరకొచ్చేసరికి వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. లైటుకి ఎత్తి చూశాను. దవడల కొసలు కలవడం లేదు. సందులోంచి వెలుతురు.

ఆ సందులో యెహెజ్కేలు ప్రాణం పోయింది.

“కొత్తది కూడా ఇలాగే పట్టుకుంటుందేమో, నాకేం తెలుసు? ఒక కొత్తది ఇవ్వండి, పక్కపక్కన పెట్టి చూద్దాం” అన్నాను. కొత్తవి లేవంటుందనుకున్నాను. కక్కుర్తి పడ్డ ఆసుపత్రిలో కొత్తవి ఎందుకుంటాయి?

ఆవిడ నడుముకున్న గుత్తి తీసి, మూలనున్న ఇనప అల్మారా తెరిచింది.

పైనుంచి కింద దాకా అట్టపెట్టెలు. కంపెనీ సీలు విప్పనివి. పై వరస మీద దుమ్ము గీసి పేరు రాయచ్చు. ఒకటి విప్పాం. కొత్త స్టేప్లరు కొస దాకా కాయితాన్ని కొరికి పట్టింది. లాగితే కాయితం చిరిగింది కానీ ఊడి రాలేదు.

అప్పటిదాకా నేను వెతుకుతున్నది ఒక పిసినారిని.

“ఇన్ని కొత్తవి పెట్టుకుని పాతవి ఎందుకు వాడుతున్నారు?”

“డాక్టరు గారు తాళం వేసి ఉంచమన్నారండి. పోలిక పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు.”

“మొదటినుంచీ ఇలాగేనా?”

“కాదండి. మొదట్లో ఇద్దరికీ కొత్తవే. రోబో వాళ్ళూ బాగానే లేచి నడిచారు, చేతివాళ్ళూ బాగానే లేచి నడిచారు. పెద్ద తేడా ఏం కనపడలేదు. ఒకరోజు డాక్టరు గారు ఆ కాయితాలన్నీ చూసుకుని చాలా కోప్పడ్డారు. ఈ వేసవి నుంచే చెయ్యి చీటీ వచ్చినవాళ్ళకి కడిగినవి పెట్టమన్నారు. గదిలో నేనూ ఆయనే ఉన్నాం. ఇంకెవరికీ తెలియదండి.”

కాకినాడ సర్జను నాతో అన్న మాట గుర్తొచ్చింది. “మంచి చేతిలో మంచి స్టేప్లరుంటే రోబోకీ దానికీ మరీ అంత ఎడం ఉండదు పాపాయి గారూ. ఉన్నా, తేల్చాలంటే వందల మందిని చూడాలి.” ఆ మాట పృథ్వీకి పనికిరాదు. కింద హాల్లో గోడంత బోర్డు పెట్టించాడు, మనిషి చెయ్యి వణుకుతుంది, రోబో చెయ్యి వణకదు అని. ఆదివారం విశాఖపట్నంలో పెద్ద డాక్టర్ల సభలో తన పోలిక చదవబోతున్నాడు. అక్కడ రోబో గెలవాలి. గెలవాలంటే ఎవరో ఒకరు ఓడాలి.

కోడిపందెంలో ఒక పుంజుకి కత్తి కట్టి, రెండోదాని రెక్క విరిచి బరిలోకి వదిలాడు. ఆ రెండో పుంజు నా యెహెజ్కేలు.

“ఈ మాట ఆర్డీఓ గారికి చెప్తారా?”

“నా ఉద్యోగం పోతుందండి.”

“చెప్పకపోతే ఇంకో కవరు విప్పుతారు. ఇంకొకరికి చెయ్యి వస్తుంది. స్టేప్లరు అందించేది మళ్ళీ మీరే.”

మీనాకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి చప్పట్లు వినపడ్డాయి. నెమ్మదిగా, ఒక్కొక్కటే.

*

“భేష్! పెళ్ళికొడుకు తాగుతాడా లేదా అని కిళ్ళీకొట్ల దగ్గర కాపు కాసేవాడు థియేటర్ల దాకా వచ్చేశాడే!”

జోగేశ్వరరావు. రిటైరైన డీఎస్పీ. ఇప్పుడు ఈ ఆసుపత్రి మీద కేసులొస్తే చూసుకునే పెద్దమనిషి. ఉద్యోగంలో ఉన్నప్పుడు నన్ను ఒకసారి స్టేషనుకి పిలిపించి, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నిలబెట్టి, “పొరపాటున పిలిచాం, వెళ్ళు” అన్నాడు. మీసం నెరిసింది కానీ చూపు మారలేదు.

“మీరే కదండీ రమ్మన్నారు, చూసుకోమని.”

“రెండింటికి రమ్మన్నాను. పాపాయని పేరు పెడితే నిజంగానే పాకుతూ వస్తావనుకున్నాను. పరిగెత్తుకొచ్చావే.”

“పాకే వయసు అయిపోయిందండి. ఇది కరిచే వయసు.”

నవ్వాడు. బల్ల మీదున్న చుక్కల స్టేప్లరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “ఇదా నీ సాక్ష్యం? కడిగిన సామాను. మీ ఇంట్లో గిన్నెలు కడుక్కోరా?”

“కడుగుతామండి. వాటితో మనుషుల్ని కుట్టం.”

“సరే. ఇదే ఆ ముసలాడికి వాడారని ఎవరు చెప్తారు? ఈవిడా?” మీనాకుమారి వైపు చూడనైనా చూడలేదు. “రేపటికి మాట మారుస్తుంది. ముక్కని ల్యాబు వాళ్ళు పరీక్షయ్యాక పారేశారు. లోపల పిన్నులెలా పడ్డాయో ఎవరు చూశారు? నీ సూర్యనారాయణ ఈపాటికి బూడిదై, గోదాట్లో కలిసి, అంతర్వేది దాటి సముద్రంలో ఉంటాడు. పో, వల వేసుకో.”

ఈ మాట కోసమే ఇన్ని రోజులు కాచుకుని ఉన్నాను. నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కొరక్కుండా ఆగినట్టు ఆగాను.

“కలవలేదండి.”

“ఏంటి?”

“గోదాట్లో కలవలేదు. వాడు చర్చి మనిషి. ధవళేశ్వరం సమాధుల తోటలో, గట్టు పక్కన ఉన్నాడు. మనిషి కరిగిపోతాడేమో గానీ పిన్నులు కరగవు. ఎక్స్‌రే తీస్తే ఒక్కొక్కటీ ఎలా నిలబడిందో కనపడుతుంది.” ఆయన మొహం వైపు తృప్తిగా చూశాను. “శవాన్ని అప్పగించేటప్పుడు మీవాళ్ళు కట్టెలకి కూడా మనిషిని పంపుతామన్నారు. వేడి వేడిగా కానిచ్చేయమన్నారు. కాయితంలో పేరు చూసి కాల్చేస్తారనుకున్నారు. మీరు పుట్టింది ఈ గోదారి జిల్లాలోనే కదండీ? ఇక్కడ పేరు చూసి పాడె కట్టకూడదని ఆ మాత్రం తెలియదా?”

ఆ మీసం కింద పెదవి ఒకసారి అదిరింది. నాకు కడుపు నిండింది. ఆ రోజు స్టేషన్లో లాగిన కాళ్ళ నొప్పి ఇప్పటికి దిగినట్టనిపించింది.

కానీ పాత పోలీసు. వెంటనే తేరుకున్నాడు. “తవ్వుకో. ఏమవుతుంది? ఆసుపత్రి కక్కుర్తి పడిందంటారు. జరిమానా వేస్తారు. కట్టేస్తాం. పృథ్వీ గారు మళ్ళీ సోమవారం థియేటర్లో ఉంటారు. ఆయన చేయి ఎలాంటిదో నాకు తెలుసు. నీలాంటివాళ్ళు ఎంతమంది మొరిగినా…”

“కక్కుర్తి అయితే ఇవేంటండి?”

అల్మారా తలుపు బార్లా తీశాను. దుమ్ము పట్టిన పెట్టెలు చూశాడు. మొదట అర్థం కాలేదు.

“కొత్తవి. నిండా ఉన్నాయి. తాళం వేయించాడు. రోబోకి పాతవి పెడితే మెషీన్ పట్టుకోదు కాబట్టి దానికెప్పుడూ ఆయుష్షున్నవే. చెయ్యి చీటీ వచ్చినవాళ్ళకి మాత్రం చుక్కలున్నవి. మీ డాక్టరు ఏది మంచిదో తేల్చడం లేదండి. తేల్చేసుకుని, దానికి సరిపడా మనుషుల్ని చంపుతున్నాడు. ఈ వేసవి నుంచి చెయ్యి చీటీ వచ్చిన ఒక్కొక్కరికీ ఇదే స్టేప్లరు.”

జోగేశ్వరరావు తన చేతిలో స్టేప్లరు వంక చూసుకున్నాడు. మళ్ళీ వెటకారం వస్తుందని ఎదురు చూశాను. రాలేదు.

“వేసవి నుంచా?” అన్నాడు. అడిగింది నన్ను కాదు, మీనాకుమారిని.

ఆవిడ గోడ వైపు తిరిగింది.

“సిస్టర్. ఆషాఢంలో కూడానా?”

“సార్…”

“లోవమ్మకి చెయ్యి చీటీ వచ్చింది.”

ఆ గొంతు డీఎస్పీది కాదు. నేనెప్పుడూ వినని గొంతు. ఆషాఢంలో ఆయన భార్య లోవమ్మ పోయిందని ఊరందరికీ తెలుసు. క్యాన్సరు మింగిందనే అనుకున్నాం. డాక్టరు పృథ్వీ తనే వచ్చి పాడె పట్టి, అస్థికలు గోదాట్లో కలిపేదాకా పక్కనే ఉన్నాడని, ఆ రుణం తీర్చుకోవడానికే జోగేశ్వరరావు ఈ ఆసుపత్రి గుమ్మంలో కాపలా కూర్చున్నాడని కూడా విన్నాను.

“నా ఎదురుగానే కవరు విప్పాడు” అన్నాడు ఆయన. “దేవుడి పటం ముందు. ‘చెయ్యి వచ్చింది, నా చేతిని నమ్మండి సార్’ అన్నాడు. నమ్మాను. అప్పుడు పెట్టింది ఎన్ని చుక్కలది?”

“నాకు గుర్తు లేదండి… మేడం గారు నన్ను చాలా బాగా చూసేవారండి…”

“ఎన్ని చుక్కలది?”

మీనాకుమారి నేల మీద కూలబడింది. జోగేశ్వరరావు చేతిలో స్టేప్లరుని లైటు కిందకి తెచ్చి, పిడి మీద బొటనవేలు పెట్టి, ఒక్కొక్క చుక్కనీ తడుముతూ పోయాడు. గుడ్డివాడు అక్షరాలు తడిమినట్టు. నేను ఆయన మీద గెలిచాను. ఇంతకుముందు బెల్లంలా ఉన్నది ఇప్పుడు నోట్లో మన్నులా తగిలింది.

“అండీ” అన్నాను. “ఆశాజ్యోతి ఆర్డీఓ ఆఫీసులో ఉంది. ఈవిడ ఒక్క మాట చెప్తే చాలు…”

“చెప్పించు. ముందు ఆ పని చూడు.” స్టేప్లరు జేబులో పెట్టుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. “నేను రాజీనామా ఇచ్చి వస్తాను.”

మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు వినపడింది. నింపాదిగా, డ్యూటీకి వెళ్తున్నట్టు.

*

ఆశాజ్యోతికి ఫోను కలిపి మీనాకుమారి చెవికి పెట్టాను. అటు ఆర్డీఓ తీసుకున్నాడు. “నేను నవధాత్రి థియేటర్ ఇన్‌చార్జినండి” అని మొదలుపెట్టి, ఆవిడ ఆగకుండా చెప్పింది. చుక్కలు, తాళం, వేసవి, చీటీలు. చివర “ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్తానండి” అంది.

కాసేపటికి ఆశాజ్యోతి గొంతు. “బాబాయ్! పెట్టేశారు! సంతకం పెట్టేశారు! రేపు పొద్దున్న పోలీసుల్నీ గవర్నమెంటు డాక్టర్నీ పెట్టి తీయిస్తారంట.” ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “నాన్న షుగరుతో పోయాడని ఇంకెవడూ అనకూడదు బాబాయ్. ఆ డాక్టరు బోనులో నిలబడాలి. అమ్మ మొహం చూసి చెప్పాలి, ఎందుకు చేశాడో వాడి నోటితో వాడే చెప్పాలి. అప్పటిదాకా వాణ్ణి వదలకు.”

“వదలనమ్మా.”

ఫోను పెట్టేశాను. అప్పుడు బుర్రలో ఏదో తట్టింది. రాజీనామా ఇవ్వాలంటే పై అంతస్తులో ఆఫీసుకి ఎక్కాలి. ఆయన కిందకి దిగాడు.

“సిస్టర్, డాక్టరు ఎక్కడున్నాడు?”

“కింద రోబో గదిలోనండి. ఇవాళ ఆపరేషన్లు లేవు. ఆదివారం మీటింగుకి వీడియో తీసుకుంటున్నారు. ఒక్కరే.”

మెట్లు ఎలా దిగానో తెలియదు. రోబో గది తలుపు లోపల గడియ వేసి ఉంది. తలుపులో గుండ్రటి అద్దం. మొహం ఆనించి చూశాను.

రోబో చేతులు నాలుగూ పైకెత్తి ఉన్నాయి. వాటి మధ్య, గోడకి వీపు ఆనించి పృథ్వీ. ఎదురుగా జోగేశ్వరరావు. ఎడం చేతిలో చుక్కల స్టేప్లరు. దాన్ని డాక్టరు మొహం దగ్గర పెట్టి ఏదో అడుగుతున్నాడు, నెమ్మదిగా, పిల్లాడిని పాఠం అడిగినట్టు. కుడి చెయ్యి పక్కనున్న ట్రే మీద ఉంది. ఆపరేషన్ గదిలో కత్తులకి కొదవేముంది?

డాక్టరు నన్ను చూశాడు. యెహెజ్కేలు పోయిన రోజు నేను ఇదే వరండాలో ఈయన వెనక పరిగెత్తాను. అప్పుడు నా మొహం కూడా చూడలేదు.

“పాపాయి గారూ!” అని అరిచాడు. “పాపాయి గారూ, తలుపు పగలగొట్టండి!”

నా పేరు వాడికి తెలుసన్నమాట.

ఒక్క క్షణం నా చేతులు లేవలేదు. అబద్ధమెందుకు? ఆ క్షణం ఎంతో బాగుంది. నేను ఏ రాత్రి కళ్ళు మూసుకున్నా చూసుకున్నది ఇదే. నా చెయ్యి తడవకుండా, నేరం నాది కాకుండా, వాడి కళ్ళల్లో ఆ భయం. కాసేపు అలా నిలబడితే చాలు, అయిపోతుంది.

కానీ చచ్చిన డాక్టరు దేవుడైపోతాడు. రేపు కింద హాల్లో ఇదే బోర్డు పక్కన దండ వేసిన ఫొటో పెడతారు. కొవ్వొత్తులు పట్టుకుని డాక్టర్లు నడుస్తారు. పిచ్చెక్కిన పోలీసు చంపేశాడంటారు. అడిగేవాడుండడు, చెప్పేవాడుండడు. చీటీలు చీటీల్లాగే ఉంటాయి. రోబో గెలిచినట్టే, చెయ్యి ఓడినట్టే, యెహెజ్కేలు షుగరుతో పోయినట్టే మిగిలిపోతుంది. సూరమ్మ మొహం చూసి జవాబు చెప్పాల్సిన నోరు మూసుకుపోతుంది.

తలుపు మీద రెండు చేతులతో బాదాను. భుజంతో గుద్దాను. వాడి పీక నొక్కాలనుకున్న చేతులు వాడి ప్రాణం కోసం వాస్తున్నాయి.

“జోగేశ్వరరావు గారూ! వద్దండీ! ఆర్డీఓ సంతకం పెట్టాడు! రేపు పొద్దున్న తీస్తున్నారు! సిస్టర్ చెప్పేసింది, అంతా చెప్పేసింది! వీణ్ణి బోనులో నిలబెడదాం! మీ ఆవిడ పేరు కూడా చెప్పిద్దాం! నా మాట వినండి!”

ఆయన తల తిప్పి అద్దంలోంచి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. ఎక్కడో చాలా దూరంలో నిలబడి చూస్తున్నట్టు ఉంది.

“నీకు తీయడానికి ఒక మనిషి ఉన్నాడు పాపాయ్” అన్నాడు. “నేనేం తీయను? గోదారినా?”

ట్రే మీంచి కత్తి తీసి, మోచేత్తో గోడ మీది స్విచ్చు నొక్కాడు. గది లోపల లైటు ఆరిపోయింది.